కేలరీల లెక్క సరిగ్గా ఉంటే, రాత్రి పదింటికి తిన్నా బరువు తగ్గుతామా?

మీ ప్రశ్నని ఓసారి కుదించి చెప్పుకుందాం. రోజుకు 1600 కేలరీలు లెక్కపెట్టుకుని తింటున్నారు. పని ముగించుకుని ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర, కంచం ముందు కూర్చునేసరికి పది. మొదటి రెండు నెలల్లో 4 కిలోలు తగ్గారు. మూడు వారాలుగా మాత్రం బరువు అక్కడే ఆగింది. "ఏడు దాటాక తిన్నదంతా కొవ్వై కూర్చుంటుంది, అందుకే ఆగిపోయావు" అని తెలిసినవాళ్లంతా అంటున్నారు. కేలరీలు అవే అయినప్పుడు టైముతో పనేంటని మీ అనుమానం.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ బరువు ఆగింది పదింటి భోజనం వల్ల కాదనే నా అభిప్రాయం. అలాగని టైముకి ఏ విలువా లేదని కూడా అనను. గడియారం మీ కంచంలోని కేలరీల జోలికి పెద్దగా పోదు. మీ ఆకలి జోలికీ, మీ లెక్క జోలికీ మాత్రం బాగానే పోతుంది. పద్నాలుగేళ్లుగా నా పని, బరువు తగ్గాలని వచ్చినవాళ్ల తిండి డైరీలు చదవడం. వాటిలో చూసిందీ, పరిశోధనల్లో చదివిందీ కలిపి చెబుతాను. కాస్త పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

"రాత్రి తిన్నది ఒంటికి పడుతుంది" అన్న మాటతో మొదలుపెడదాం. ఒంట్లో కొవ్వు రోజంతా వేస్తూ తీస్తూ ఉండే చిల్లర డబ్బాలాంటిది. తిన్నాక నాలుగైదు గంటలు కొంత లోపలికి పోతుంది. ఆ తర్వాత మళ్లీ తినేదాకా, నిద్రలో కూడా, అందులోంచే బయటికి వస్తుంది. ఏడింటికి తిన్నవాళ్లకి ఈ తీయడం అర్ధరాత్రికల్లా మొదలవుతుంది, పదింటికి తిన్నవాళ్లకి తెల్లవారుజామున. కానీ పదింటికి తిన్న మనిషి సాయంత్రమంతా ఖాళీ కడుపుతో ఉన్నాడు కదా, ఆ గంటల్లో తీయాల్సింది అప్పుడే తీసేశాడు. రోజు తిరిగేసరికి డబ్బాలో ఎంత మిగిలిందన్నదే లెక్క. ఇక నిద్రపోతే ఖర్చు ఆగిపోతుందంటారు చూడండి, అది మరీ విడ్డూరం. గుండె, మెదడు, కాలేయం రాత్రికి సెలవు పెట్టవు. నిద్రలో ఒంటి ఖర్చు, మెలకువగా కదలకుండా పడుకున్నప్పటికంటే కొద్దిగానే తక్కువ.

అయితే ఆ మాట గాల్లోంచి పుట్టింది కూడా కాదు. మన కణాలకి తమవైన గడియారాలున్నాయి. అవి ఎలా నడుస్తాయో పండ్ల ఈగల్లో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకి నోబెల్ బహుమతి వచ్చింది. ఈ గడియారాల ప్రకారం ఇన్సులిన్ పొద్దునపూట చురుగ్గా పనిచేస్తుంది, రాత్రికి మందగిస్తుంది. ఒకే భోజనం పొద్దున తింటే రక్తంలో చక్కెర తక్కువ పెరుగుతుంది, రాత్రి తింటే ఎక్కువ. తిన్నది అరిగించుకోవడానికి ఒళ్లు పెట్టే ఖర్చు కూడా, కొన్ని ప్రయోగాల్లో, పొద్దునకంటే రాత్రి తక్కువగా కనిపించింది.

అదీ అసలు వాదన. దీన్ని తీసి పారేయకుండా, ఎంత తేడా అన్నది చూద్దాం. అరుగుదల ఖర్చు మొత్తం తిన్నదాంట్లో సుమారు 10 శాతం. మాంసకృత్తులకి 20 నుంచి 30 శాతం దాకా పోతుంది, పిండిపదార్థాలకి 5 నుంచి 10, కొవ్వుకి 3 శాతం లోపే. మీ 1600కి అది 160 కేలరీలు. రాత్రి భోజనం 600 అనుకుంటే దాని వాటా 60. ఆ 60లో మూడో వంతు తగ్గిందనుకున్నా, పోయింది 20 కేలరీలు. బాణలిలో పోసే నూనె ఒక పెద్ద చెంచా 120. అంటే గడియారం చేసే నష్టం, చెంచా వంచడంలో చెయ్యి తొణికితే వచ్చే తేడాలో ఆరో వంతు.

పైగా మనం నమ్ముకున్న అంకెలే అంత ఖచ్చితమైనవి కావు. పిండిపదార్థానికి గ్రాముకు 4, కొవ్వుకు 9, మాంసకృత్తులకు 4 అన్న లెక్క పందొమ్మిదో శతాబ్దం చివర్లో విల్బర్ అట్వాటర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త పనిలోంచి వచ్చింది. మొత్తమ్మీద బాగానే పనిచేస్తుంది. కానీ 28 గ్రాముల బాదం పప్పులకి ఆ లెక్కన 170 దాకా రావాలి. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మనుషులకి తినిపించి, బయటికి పోయినదాన్ని కూడా కొలిచి చూస్తే ఒంటికి అందింది 129. గట్టి గింజ కదా, నమలగా మిగిలిన ముక్కల్లో కొవ్వు అలాగే చిక్కుకుని బయటికి పోతుంది. ఒక్క గుప్పెడు గింజల దగ్గరే 40 తేడా వస్తుంటే, భోజనం టైము తెచ్చే 20 గురించి నిద్ర మానుకోవడం అనవసరం.

ఇప్పుడు మీకు ఎవరో ఒకరు తప్పకుండా చూపించే పరిశోధన సంగతి. 2013లో ఇజ్రాయెల్‌లో అధిక బరువున్న ఆడవాళ్లని రెండు గుంపులు చేశారు. ఇద్దరికీ రోజుకు 1400 కేలరీలే. ఒక గుంపుకి పొద్దున 700, మధ్యాహ్నం 500, రాత్రి 200. రెండో గుంపుకి సరిగ్గా తిరగేసి, పొద్దున 200, రాత్రి 700. 12 వారాల తర్వాత పొద్దున ఎక్కువ తిన్నవాళ్లు సగటున 8.7 కిలోలు తగ్గారు, రాత్రి ఎక్కువ తిన్నవాళ్లు 3.6. "చూశారా, కేలరీలు అవే, టైము వేరు, తేడా 5 కిలోలు!" అని దీన్ని అందరూ ఊదరగొడతారు.

నాకు మొదటిసారి చదివినప్పుడే ఆ అంకె మింగుడు పడలేదు. కాగితం తీసి లెక్క వేసుకున్నాను, మీరూ వేసుకోండి. కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7700 కేలరీలుంటాయి. తేడా 5.1 కిలోలంటే సుమారు 39,000 కేలరీలు. 12 వారాలంటే 84 రోజులు. భాగిస్తే రోజుకు 460 పైచిలుకు. వాళ్లు తిన్నదే 1400, దాని అరుగుదల ఖర్చు మొత్తం కలిపి 140. రాత్రి భోజనానికి అరుగుదల ఖర్చే లేదనుకున్నా 460 ఎక్కడినుంచి వస్తుంది? పొద్దున పెట్టిన ఆ 700 వల్ల వాళ్లు రోజూ గంటల తరబడి అదనంగా నడిచారా? వాళ్లు తిన్నది వాళ్ల ఇళ్లలో, రాసింది వాళ్ల చేత్తో. పొద్దున 200తో సరిపెట్టుకుని రాత్రిదాకా నోరు కట్టుకున్న గుంపు, రాసినదానికంటే ఎక్కువ తిందన్నది నాకు తోచే కారణం. ఆ పరిశోధనలోనే వాళ్ల ఆకలి ఎక్కువగా ఉందని కూడా తేలింది మరి.

ఈ అనుమానాన్ని తీర్చినట్టుగా 2022లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకోటి చేశారు. 30 మంది. తిండి అంతా వాళ్లే వండి, తూచి ఇచ్చారు. ప్రతి మనిషీ నాలుగు వారాలు పొద్దున ఎక్కువ తిని (రోజు కేలరీల్లో 45 శాతం పొద్దున, 20 శాతం రాత్రి), నాలుగు వారాలు తిరగేసి తిన్నాడు. అంటే ఎవరితోనూ పోల్చకుండా, మనిషిని అతనితోనే పోల్చారు. ఖర్చుని కూడా మాటల మీద నమ్మకుండా, ప్రత్యేకంగా తయారుచేసిన నీళ్లు తాగించి కొలిచారు. పొద్దున ఎక్కువ తిన్నప్పుడు తగ్గింది 3.33 కిలోలు, రాత్రి ఎక్కువ తిన్నప్పుడు 3.38. ఖర్చులో తేడా లేదు. అయితే పొద్దున ఎక్కువ తిన్నన్నాళ్లూ ఆకలి తక్కువగా ఉందని వాళ్లు చెప్పారు.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కంచం ఇంకొకరి చేతిలో ఉంటే టైము తేడా చూపలేదు. కంచం మన చేతికొస్తే 5 కిలోల తేడా. మధ్యలో ఉన్నది ఆకలి.

అదే 2022లో అమెరికాలోని బోస్టన్‌లో 16 మందిని ప్రయోగశాలలోనే ఉంచి, అవే భోజనాలని నాలుగు గంటలు ఆలస్యం చేసి చూశారు. ఆకలి పెరిగింది. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గింది. మెలకువ గంటల్లో ఖర్చు సుమారు 5 శాతం తగ్గింది. ఇది మీ స్నేహితుల పక్షాన నిలిచే సాక్ష్యం, దాచను. కానీ రోజుకు 2000 ఖర్చు పెట్టే మనిషికి ఆ 5 శాతం 100 లోపే. పైగా అది కొద్ది రోజుల ప్రయోగం. మూడు వారాలు బరువు కదలకుండా ఆపేంత బలం దానికి లేదు. నేను అందులోంచి పట్టుకునేది మళ్లీ ఆకలినే.

16 గంటలు ఉపవాసం, 8 గంటల్లో తిండి అనే పద్ధతి గురించి మీరు అడగలేదు గానీ, తర్వాతి ప్రశ్న అదే అవుతుంది కాబట్టి చెప్పేస్తాను. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందికి ఏడాది పాటు ఒకేలా కేలరీలు తగ్గించి, సగం మందిని మాత్రం పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు. ఏడాది చివర టైము పెట్టుకున్నవాళ్లు 8 కిలోలు, పెట్టుకోనివాళ్లు 6.3 కిలోలు తగ్గారు. యాదృచ్ఛికంగా కూడా రాగల తేడానే అది, అందుకని దాన్ని తేడాగా లెక్కలోకి తీసుకోలేదు. 2020లో కేలరీల ఊసెత్తకుండా, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 మధ్య తినండి చాలు అని చెప్పి చూసిన అమెరికా పరిశోధనలో 12 వారాలకి తగ్గింది కిలో లోపే, మామూలుగా మూడు పూటలా తిన్నవాళ్లకంటే చెప్పుకోదగ్గ మేలేమీ లేదు. అమెరికాలోనే అలబామాలో మాత్రం పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 3 లోపు తిన్నవాళ్లు 14 వారాల్లో 2.3 కిలోలు ఎక్కువ తగ్గారు. మధ్యాహ్నం మూడింటికి వంటగది మూసేస్తే రాత్రి నంజుళ్లన్నీ వాటంతటవే పోతాయి కదా. లెక్క రాయడం ఇష్టంలేని మనిషికి ఆ పద్ధతి మంచి కంచె. మీరు ఇప్పటికే లెక్క రాస్తున్నారు, కంచె మీద కంచె అక్కర్లేదు.

పొద్దున తినకపోతే మెటబాలిజం, అంటే ఒళ్లు కేలరీలు ఖర్చుపెట్టే వేగం, పడిపోతుందన్న భయం కూడా వదిలేయండి. ఇంగ్లండ్‌లో బాత్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఆరు వారాలు చూశారు, పొద్దున తిన్నా మానినా విశ్రాంతిలో ఖర్చు మారలేదు. తేడా వచ్చింది కదలికలో. పొద్దున తినని సన్నటి మనుషులు తమకి తెలియకుండానే తక్కువ కదిలారు. ఇది గుర్తుపెట్టుకోదగ్గది. మీరు పొద్దున మానేసి మధ్యాహ్నందాకా కుర్చీకి అతుక్కుపోయే రకమైతే, ఆదా చేశాననుకున్నదాంట్లో కొంత అక్కడే కరిగిపోతుంది.

ఆరుసార్లు కొంచెం కొంచెంగా తింటే పొయ్యి ఆరకుండా మండుతుందనేది మరో మాట. 1600లో 10 శాతం 160. మూడుగా కోసినా ఆరుగా కోసినా 160. అంతకుమించి దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

మీ మూడు వారాల సంగతికొస్తాను, నాకు చెప్పాలనున్నది ఇక్కడే ఉంది.

చాలా ఏళ్ల కిందట ఒకావిడ వచ్చారు. మీలాగే రాత్రి పదింటి భోజనం, మీలాగే ఆగిన బరువు. డైరీ తెచ్చారు. గీతల నోటుబుక్కు, నీలం సిరా. పొద్దున వరుసలో "గుడ్లు 2, 104 గ్రాములు; బ్రెడ్ 62 గ్రాములు; పాలు 150 మి.లీ." అని ముత్యాల్లాంటి అక్షరాలు. మధ్యాహ్నానికి గ్రాములు పోయి "ఒక కప్పు" అయింది. రాత్రికి "కొంచెం" అయింది, అక్షరం కూడా వాలిపోయింది. పది తర్వాత ఏమీ లేదు, సగం పేజీ తెల్లగా ఉంది. ఏ రోజు తిప్పి చూసినా అదే తంతు. ఆవిడ అబద్ధం రాయలేదు. పొద్దున ఎనిమిదింటికి తూకం యంత్రం ముందు నిలబడే మనిషి, పదమూడు గంటలు పని చేసొచ్చి రాత్రి పదింటికి నిలబడే మనిషి ఒకరు కాదు, అంతే.

నేను ఆవిడ భోజనం టైము ముట్టుకోలేదు. వారం రోజులు, రాత్రి ఎనిమిది తర్వాత నోట్లోకి పోయే ప్రతిదానికీ ఫోన్‌లో ఒక ఫొటో తీయమన్నాను, తూకం వద్దు, రాయడం వద్దు. ఏం బయటపడిందంటే, ఇంటికి రాగానే భోజనం వేడెక్కేలోపు నిలబడే తినే పల్లీలు ఒక గుప్పెడు. పిల్లవాడి కంచంలో మిగిలింది పారేయలేక రెండు ముద్దలు. గిన్నె సర్దుతూ గరిటెకి అంటింది. పడుకోబోయే ముందు పంచదార వేసిన పాలు. ఒక్కోటి విడిగా చూస్తే ఏమీ కాదు. కూడితే రోజుకు 300 నుంచి 350. ఆవిడ తగ్గించుకుంటున్నానని అనుకున్నది రోజుకు 400. అంటే చేతిలో మిగిలింది 50 నుంచి 100. నెలకి అర కిలో కూడా రాదు, అది ఒంట్లో నీటి హెచ్చుతగ్గుల్లో కనపడనే కనపడదు.

ఇది ఆవిడ ఒక్కరి కథ కాదు. 1992లో అమెరికాలో, "నేను 1200 కూడా తినను, అయినా తగ్గను" అని చెప్పే మనుషుల్ని తీసుకుని నిజంగా తిన్నదెంతో కొలిచారు. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ చేసి చెప్పారు. చేసిన వ్యాయామాన్ని 51 శాతం ఎక్కువ చేసి చెప్పారు. వాళ్ల మెటబాలిజం మాత్రం మామూలుగానే ఉంది. వాళ్లూ నిజాయితీపరులే.

అందుకే భోజనం టైము విషయంలో నేను అడిగేది ఒకటే. మీ లెక్క రోజులో ఏ గంటకి తెగుతోంది? అక్కడ టైము మార్చండి, మిగతా చోట్ల వదిలేయండి. ఆవిడకి నేను చేసిన మార్పు, సాయంత్రం ఆరున్నరకి పని దగ్గరే తినేలా 250 కేలరీల పెరుగు, పండు. రాత్రి భోజనంలోంచి ఆ 250 తీసేశాం. భోజనం పదింటికే ఉంది, ఇప్పటికీ అంతే. మారింది, ఆవిడ ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడు కడుపు మండుతూ ఉండకపోవడం.

మీ విషయంలో కూడా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పది దాకా తొమ్మిది గంటల ఖాళీ ఉందని మీరు రాసినదాన్నిబట్టి అర్థమైంది. తొమ్మిది గంటల తర్వాత కంచం ముందు కూర్చున్న మనిషి చెయ్యి ఎంత నిబ్బరంగా తూకం వేస్తుందో నాకు అనుమానమే. 1600ని ఇలా విరగ్గొట్టి చూడండి: పొద్దున 350, మధ్యాహ్నం 500, సాయంత్రం ఆరు ప్రాంతంలో 250, రాత్రి 500. పొద్దున ఆకలి వేయకపోతే బలవంతం వద్దు, ఆ 350ని మధ్యాహ్నానికీ సాయంత్రానికీ పంచుకోండి. ఏ పూటకైనా మాంసకృత్తులు 25 గ్రాముల దరిదాపుల్లో ఉండేలా చూసుకోండి, సాయంత్రం వాటాకి 15 చాలు. మొత్తం రోజుకి మీ బరువులో ప్రతి కిలోకీ 1.2 నుంచి 1.6 గ్రాములు అందాలి. కండ కరగకుండా కాపాడేది ఈ మొత్తమే, ఏ గంటకి తిన్నారన్నది తర్వాతి మాట. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ అంకె డాక్టర్ని అడిగే పెట్టుకోవాలి.

మొదటి వారం రోజులు చిరాగ్గా ఉంటుంది, ముందే చెబుతున్నాను. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను, మనం రోజూ తినే వేళకి కాస్త ముందు తనంతట తానే పెరుగుతుంది. ఇన్నాళ్లూ మీ ఒళ్లు రాత్రి పదింటికి పెద్ద భోజనానికి అలవాటు పడింది. దాన్ని 500 చేస్తే, కడుపుకి సరిపోయినా గడియారం ఇంకా కావాలంటుంది. కొద్ది రోజులు ఒకే వేళల్ని పట్టుకుని ఉంటే సద్దుమణుగుతుంది. ఈరోజు ఆరింటికి, రేపు ఎనిమిదింటికి, ఎల్లుండి మానేసి అంటే సద్దుమణగదు. టైముకి నేనిచ్చే విలువ ఇదీ. త్వరగా తింటారా ఆలస్యంగా తింటారా అన్నది మీ ఇష్టం, రోజూ దాదాపు అదే వేళకి తినండి.

ఇంకో పిడకల వేట. ఫోన్‌లో లెక్క రాసే చాలా యాప్‌లకి రోజు అర్ధరాత్రి పన్నెండుకి తిరుగుతుంది. పన్నెండుంపావుకి తిన్న బిస్కెట్లు "రేపటి" ఖాతాలో పడతాయి, రేపు పొద్దున లేచేసరికి 180 వాడేసినట్టు కనపడుతుంది, విసుగొచ్చి చెరిపేసేవాళ్లని చూశాను. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఒక రోజు. యాప్ ఏమన్నా సరే, పడుకోకముందు తిన్నదంతా ఆ రోజుదే. ఇంకా మంచిది, వారానికి 11,200 అని పెట్టుకోండి. ఒక రాత్రి 200 దాటితే మిగతా ఆరు రోజుల్లో సర్దుకోవచ్చు, కొంప మునగదు.

ఇక తూకం యంత్రం. ఆలస్యంగా తినేవాళ్లని ఇది మోసం చేసినంతగా ఇంకెవర్నీ చేయదు. రాత్రి పదింటికి అర కిలో తిండి, రెండు గ్లాసుల నీళ్లు లోపలికి పోయాయి. పొద్దున ఏడింటికి యంత్రం ఎక్కుతారు. తొమ్మిది గంటలే అయింది, అందులో చాలా భాగం ఇంకా మీ పేగుల్లోనే ఉంది. అదే మీరు సెలవు రోజు ఏడింటికే తిని మర్నాడు అదే వేళకి తూగితే అర కిలో తక్కువ చూపించొచ్చు. "చూశావా, త్వరగా తింటే ఒక్కరోజులో అర కిలో తగ్గాను" అనిపిస్తుంది. తగ్గింది కొవ్వు కాదు, కడుపులో సరుకు. దీనికి తోడు ఉప్పు ఎక్కువైన రోజు నీరు పట్టుకుంటుంది. ఒంట్లో నిలవ ఉండే చక్కెర, అంటే గ్లైకోజెన్, ప్రతి గ్రాముకీ తనతోపాటు సుమారు 3 గ్రాముల నీటిని అట్టిపెట్టుకుంటుంది. ఆడవాళ్లకి నెలసరి ముందు కిలో, కిలోన్నర పెరగడం మామూలే. రోజూ పొద్దున బాత్రూముకి వెళ్లొచ్చి, ఏమీ తాగకముందు తూగండి, ఏడు రోజుల సగటు రాసుకోండి, ఈ వారం సగటుని పోయిన వారం సగటుతో మాత్రమే పోల్చండి. మూడు వారాలుగా ఆగిందన్నారు. ఆగింది సగటా, లేక మీరు చూసిన సోమవారాల అంకెలా?

నిజంగా ఆగి ఉంటే అందులో కొంత మామూలు సంగతే. 4 కిలోలు తగ్గిన ఒంటికి ఖర్చు కూడా తగ్గుతుంది, కిలోకి రోజుకు 20 పైచిలుకు చొప్పున 80, 90 కేలరీలు. మొదట్లో 1600 ఇచ్చిన లోటు ఇప్పుడు ఇవ్వదు. దానికి రాత్రి "కొంచెం" అని రాసినవి రెండు మూడు తోడైతే లోటు పూర్తిగా పూడిపోతుంది. ఇందులో గడియారానికి ఏ పాపమూ తెలియదు.

పదింటి భోజనంలో నాకు నిజంగా నచ్చనిది వేరే ఉంది, నిద్ర. పదిన్నరకి తిని, పన్నెండున్నరకి పడుకుని, ఆరింటికి లేస్తే ఐదున్నర గంటలు. 2010లో షికాగోలో పది మందికి ఒకే లోటుతో తిండి పెట్టి, ఒకసారి రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, ఇంకోసారి రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకోబెట్టారు. రెండుసార్లూ తగ్గిన బరువు దాదాపు అంతే, సుమారు 3 కిలోలు. కానీ ఎక్కువ పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, తక్కువ పడుకున్నప్పుడు 0.6. మిగతాది కండా నీరూ. టైము గురించి ఇంత మథనపడేవాళ్లు నిద్ర గంటలు చెప్పమంటే నీళ్లు నములుతారు. భోజనాన్ని ఒక గంట ముందుకి జరిపే వీలుంటే, మీకు నేను చెప్పే మొదటి కారణం ఇదే.

కొందరికి మాత్రం టైము నిజంగానే లెక్క. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, ఇన్సులిన్‌ని పెంచే మాత్రలు గానీ వాడేవాళ్లు పూటలు మానడం, జరపడం సొంతంగా చేయకూడదు, చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. గుండెల్లో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లు పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించాలి. షుగర్ అంచున ఉన్నవాళ్లకి త్వరగా తినడం వల్ల బరువుతో సంబంధం లేకుండానే మేలు ఉండొచ్చు. 2018లో ఎనిమిది మంది మగవాళ్ల మీద జరిగిన చిన్న ప్రయోగంలో, బరువు తగ్గకుండా చూసుకుంటూనే మధ్యాహ్నం మూడు లోపు తిండి ముగిస్తే ఇన్సులిన్ పనితీరూ, రక్తపోటూ మెరుగయ్యాయి. రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు తిండిని వీలైనంత పగటికే ఉంచుకోవడం వాళ్ల చక్కెరకి మంచిది. గర్భిణులూ, గతంలో తిండి మానేయడం, అతిగా తిని కక్కేయడం లాంటి బాధ పడినవాళ్లూ ఈ గంటల నియమాల జోలికే పోవద్దు. ఆ మాటకొస్తే లెక్క రాయడం కూడా వాళ్లకి మంచిది కాదు.

మీకు ఇవేవీ లేవన్నారు కాబట్టి, రేపట్నుంచి పద్నాలుగు రోజులు 1600నే ఉంచండి, తగ్గించకండి. రాత్రి వంటకి పోసే నూనెని సీసా తూచి, పోశాక మళ్లీ తూచి రాయండి. ఎనిమిది తర్వాత ఫొటోలు తీయండి. సాయంత్రం 250 మొదలుపెట్టండి. రెండో వారం సగటు మొదటి వారం కంటే పావు కిలో దిగినా చాలు, అలాగే పోనివ్వండి. దిగకపోతే 1500 చేసి ఇంకో మూడు వారాలు చూడండి. అప్పటికీ కదలకపోతే ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకుని, ఆ కాగితంతోపాటు రాత్రి ఫొటోలు కూడా పట్టుకెళ్లండి. డాక్టరు ముందు ఏది చూస్తారో నాకు తెలుసు గానీ, నేనైతే ముందు ఫొటోలే చూస్తాను.